జానెడు నల్ల తీగ

ముందే చెబుతున్నాను, ఆ ఓవెన్‌కి నేను చేసిన వైరింగులో తప్పు లేదు. మీటరు బోర్డు నుంచి వంటింటి దాకా దాని ఒక్కదానికే విడిగా లైను లాగాను. ఎర్రది, నల్లది, పచ్చది, మూడూ లావుపాటి రాగి తీగలే. గోడకు గాడి కొట్టి పైపులోంచి పంపాను, మధ్యలో ఎక్కడా అతుకు లేదు. దాని ఫ్యూజు దానికే. ఓవెన్ గూట్లో కూర్చున్నాక వెనక్కి చెయ్యి పోదు కాబట్టి స్విచ్చును పక్క గోడకు, మనిషికి అందే ఎత్తులో పెట్టాను. ఇవాళ ఏ ఇంజనీరు వచ్చి చూసినా వేలు పెట్టడానికి సందు దొరకదు. గొప్పలకు చెప్పడం లేదు. పని రానివాడు చేసిన తప్పుకు ఎక్కడో ఒకచోట క్షమాపణ దొరుకుతుంది. నాకు పని వచ్చు. అదే నా ఖర్మ.

ఆ ఇల్లు జనగామ మార్కెట్ యార్డు దగ్గర పత్తి వ్యాపారం చేసే ఒక సేటుది. ఆ ఇంట్లో మా అక్క వంటమనిషి. మేము లింగాల ఘనపూర్ పక్క పల్లెవాళ్ళం. అవ్వా నాయినా ఏడాది తేడాతో పోతే, పదేళ్ళవాణ్ణి నన్ను అక్కే పెంచింది. నాకు చదువు అబ్బదని తేలాక ఒక ముసలి వైర్‌మన్‌ను బతిమాలి, కాళ్ళావేళ్ళా పడి నన్ను పనిలో పెట్టింది. బావ భూపాలపల్లి బొగ్గు బావిలో కాంట్రాక్టు కూలి. అక్కడ కాపురం పెట్టే స్తోమత లేక అక్కను జనగామలో నా దగ్గరే ఉంచి, నెలకు రెండుసార్లు వచ్చి పోయేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు. మహబూబాబాద్‌లో, అంటే మేము మానుకోట అంటాం, హాస్టల్లో ఉండి నర్సింగు చదివేది. ఆ పిల్ల చదువు మొత్తం అక్క సంపాదన మీదే నడిచేది.

సేటు కొడుకు హైదరాబాద్ పిల్లను చేసుకున్నాడు, వాళ్ళకొక చిన్న కొడుకు. ఆ కోడలు చెడ్డదేం కాదు, కాకపోతే జనగామ వంటిల్లు ఆమె కంటికి ఆనలేదు. పాతది పగలగొట్టించి నల్లరాతి గట్టు, గట్టు కింద చెక్క అరలు, ఆ అరల మధ్య గోడలో పొదిగినట్టు కూర్చునే కరెంటు ఓవెన్ కావాలంది. గుడ్డు పేరెత్తని ఇంట్లో కేకులేందని ఆమె అత్త వారం రోజులు సణిగింది. మేమంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళం. పెద్దమ్మ సణుగుడుతో పని ఆగలేదు. ఓవెన్ వచ్చి అట్టపెట్టెలో హాల్లో కూర్చుంది. దాన్ని నడపడం తెలిసిన వంటామెను హైదరాబాద్ నుంచి పిలిపిద్దామని ఇంట్లో అనుకుంటుంటే అక్క చెవిన పడింది.

ఆ సాయంత్రం అక్క ముఖం చూడాలి. బియ్యం చెరుగుతూ చాటను నాలుగుసార్లు ఆపింది. చివరికి విషయం చెప్పింది.

"తమ్మీ, గా డబ్బను నువ్వే బిగించు. నువ్వు బిగిస్తే నేను ముట్టుకుంట. పరాయోడు బిగిస్తే నాకు చెయ్యి రాదు. చెయ్యి రాకపోతె నా పని వోతది."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. అక్కకు కరెంటంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు మా ఊళ్ళో బర్రె ఒకటి తెగిన వైరు తొక్కి కళ్ళ ముందే పడిపోతే చూసింది. అప్పటినుంచి ఫ్యాను స్విచ్చు కూడా చెక్క గరిటె కాడతో నొక్కేది. వైర్‌మన్‌కు అక్కవై ఉండి గరిటెతో ఫ్యాను తిప్పుతావేమే అని నేను ఎకసెక్కాలు ఆడేవాణ్ణి. తిట్టేది, నవ్వేది, మళ్ళీ గరిటే పట్టుకునేది.

సేటును అడిగి పని నేనే పట్టాను. నాలుగు రోజుల పని. ఓవెన్‌తో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, నాకు బొమ్మలు తప్ప అర్థం కావు. కోడలు పక్కన నిలబడి చదివి చెప్పేది. ఎర్తు సరిగ్గా లేకుండా నడపవద్దని రాసి ఉందని రెండుసార్లు చెప్పింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పుట్టినప్పటి నుంచి ఇదే పని, నాకు చెప్పేదేందమ్మా అన్నాను. పాపం, ఆ పిల్ల పుస్తకం మూసేసి లోపలికి పోయింది.

ఎర్తు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. కరెంటు ఇంట్లోకి ఫేజు అనే ఒక తీగ మీద వస్తుంది, పని చేసి ఇంకో తీగ మీద స్తంభానికి తిరిగి పోతుంది. తిరిగి పోయే దాన్ని న్యూట్రల్ అంటాం. మూడోది పచ్చ తీగ, అదే ఎర్తు. దాన్ని ఓవెన్ రేకుకూ, ఫ్రిజ్ రేకుకూ కడతాం. లోపల ఏ తీగైనా చెడి రేకును తాకితే, కరెంటు మనిషిని పట్టకుండా ఆ పచ్చ తీగ వెంట పెరట్లో గుంతలోకి దిగిపోవాలి. గుంతలో ఇనుప గొట్టం, దాని చుట్టూ బొగ్గూ ఉప్పూ ఉంటాయి. మట్టి తడిగా ఉంటేనే గుంత పని చేస్తుంది. అందుకే మా దిక్కు ఆడవాళ్ళు ఎండాకాలం వాకిలి చల్లగానే ఎర్తు గుంతలో ఒక బకెట్టు నీళ్ళు పోస్తారు. పెద్దమ్మ ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి పోసింది, కరెంటుకు కూడా దాహమైతదా అని నన్ను అడిగేది.

వంటింటితో పాటు పెరట్లోనూ బండలు పరిపించారు. మేస్త్రీ ఆ గుంత మీద కూడా బండ వేసి సిమెంటుతో మూసేశాడు. నేను చూసి గొడవ చేశాను. కొత్త పెరట్లో ఆ నల్ల బొక్క ఏం బాగుంటుంది, పనంతా అయ్యాక చూద్దాంలే అన్నాడు సేటు. నేనూ సరేనన్నాను. పచ్చ తీగకు రోజూ పనేమీ ఉండదు, ఆపద వస్తే తప్ప. వానలు పడుతున్నాయి, కింద తడి ఉంటుందిలే అనుకున్నాను. పైనంతా బండలే అయినప్పుడు వాన కిందికి ఎట్లా దిగుతుందో ఆలోచించలేదు.

ఓవెన్ పని చేసింది. మొదటి కేకు మాడింది, రెండోది కోడలు మెచ్చుకుంది. అక్క నేర్చుకుంది. మొదట్లో నన్ను పక్కన నిలబెట్టుకుని స్విచ్చు వేసేది, పది రోజులకు తనే వేసింది, గరిటె లేకుండా. నేను చెప్పినట్టు ప్రతిసారీ చేతులు పొడిగుడ్డతో తుడుచుకునేది. పక్కింటి పనామె భయం లేదా అని అడిగితే, మా తమ్ముడు పెట్టిన కరెంటు నన్నేం జేస్తది అన్నదట. హైదరాబాద్ వంటామె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అక్క ఆ నెల మానుకోటకు పోయి కూతుర్ని చూసి, చీర కొంగులో కేకు ముక్క కట్టుకుపోయి తినిపించి వచ్చింది.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు ముందు తెలంగాణ రాష్ట్రం కోసం ఊళ్ళకు ఊళ్ళు సమ్మెలోకి దిగాయి. బడులు లేవు, బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు. భూపాలపల్లిలో బావ కూడా బావిలోంచి పైకి వచ్చి కూర్చున్నాడు. బొగ్గు ఆగేసరికి కరెంటు కోతలు పెరిగాయి. మీ ఆయన అక్కడ తట్ట పారేస్తే ఇక్కడ నీ పొయ్యి ఆరింది అని అక్కను ఏడిపించేవాణ్ణి. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఆ నెల రోజులు పనిసంచి కంటే జెండానే ఎక్కువ పట్టుకున్నాను. టెంటులో కూర్చున్నాను, ఊరేగింపుల్లో గొంతు పోయేదాకా అరిచాను. అది తప్పని ఇప్పటికీ అనను. మా యాస విని నవ్వేవాళ్ళను చూసి చూసి మా కడుపులు మండిపోయి ఉన్నాయి. బావకు జీతం లేదు, నాకు పని లేదు, నెల తిరిగితే ఇంట్లోకి వచ్చేది అక్క జీతం ఒక్కటే.

ఒక పొద్దున సేటు ఇంట్లో దీపాలు వెలగడం లేదని కబురొచ్చింది. పోయి టెస్టరు పెట్టి చూస్తే ఫేజు ఉంది, న్యూట్రల్ లేదు. స్తంభం మీద తీగ కాలిపోయింది. అది ఎక్కాల్సిన లైన్‌మన్ మాతోపాటే టెంటులో కూర్చునే మనిషి. రేపు ఎక్కుతానన్నాడు. సమ్మెలో ఉన్నవాణ్ణి ఇవాళే ఎక్కమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇలాంటప్పుడు మా వైర్‌మన్‌లకు ఒక అలవాటుంది. జనగామకు పోండి, మానుకోటకు పోండి, భూపాలపల్లి పల్లెలకు పోండి, అందరికీ తెలిసిన విద్యే. న్యూట్రల్ పోతే కరెంటు తిరిగి పోవడానికి దారి ఉండదు కదా, ఆ దారిని ఎర్తు గుంతకు కలిపేస్తాం. జానెడు తీగ ముక్క చాలు. స్తంభానికి పోవాల్సిన కరెంటు భూమిలోకి పోతుంది, దీపం వెలుగుతుంది. దీన్ని ఎర్తింగు మీద నడిపించడం అంటాం. నాలుగు బల్బులకు, రెండు ఫ్యాన్లకు ఎట్లాగో నడుస్తుంది. ఓవెన్ లాంటి బరువు వేస్తే, పైగా గుంత ఎండి ఉంటే, ఆ కరెంటు భూమిలోకి దిగలేక పచ్చ తీగ వెంట ఎదురొచ్చి రేకు రేకులో కూర్చుంటుంది. కాపాడటానికి కట్టిన తీగే మనిషిని పట్టుకుంటుంది. ఈ సంగతి మా గురువు నాకు మొదటి ఏడాదే చెప్పాడు.

మీటరు బోర్డు తెరిచి, సంచిలోంచి జానెడు నల్ల తీగ తీసి, రెంటినీ కలిపేశాను. హాల్లో దీపం వెలిగింది. పెద్దమ్మ నీ కడుపు సల్లగుండ బిడ్డా అంది.

అప్పుడు నేను ఓవెన్ ఫ్యూజును పీకేయాలి. చెయ్యి దాని దాకా పోయింది కూడా. పీకేస్తే ఎందుకని కోడలు అడుగుతుంది. గుంత పని చేయదని చెప్పాలి. ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావని సేటు అంటాడు. ఎర్తు గురించి పుస్తకం చదివి చెప్పిన పిల్లను కసిరినవాణ్ణి, ఇప్పుడు ఆ పిల్ల ముందే తల దించుకోవాలి. కోతలు పోగా కరెంటు ఉండేదే కాసేపు, సమ్మె రోజుల్లో కేకులు ఎవరికి కావాలి, రేపు పొద్దున్నే వచ్చి తీసేస్తాను కదా. ఇదంతా అనుకోవడానికి ఎంతసేపు పట్టింది, రెప్పపాటు. ఆ రోజు హైదరాబాద్ రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నాం. మావాళ్ళు ఆటోలో వచ్చి బయట హారన్ కొడుతున్నారు.

నేను బోర్డు మూసి గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే అక్క వంటింట్లోంచి వచ్చింది.

"మంచిగైందా తమ్మీ? ఇగ అన్ని ఏసుకోవచ్చునా?"

"ఆఁ, ఏసుకో" అన్నాను.

తల ఎత్తి కూడా చూడలేదు. నా నోట్లో మన్ను పడ. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అవ్వ అనేది. నాకు నోరు జారలేదు కూడా, బద్ధకంగా తెరుచుకుంది.

రోడ్డు మీద మేం పప్పుచారు దించేలోపే పోలీసులు వచ్చి వ్యాన్లలో ఎక్కించారు. ఒక ఫంక్షన్ హాల్లో సాయంత్రం దాకా కూర్చోబెట్టి వదిలేశారు. ఇంటికి పోతే అక్క అన్నం పెట్టింది. ఎంతమందిని పట్టుకపోయిన్రు, కొట్టిన్రా అని అడిగింది. గొప్పగా చెప్పాను. ఎదురుగా కూర్చుని విన్నది. ఆ తీగ ముక్క నాకు గుర్తుకే రాలేదు. తెల్లారి ఆమె పనికి పోయింది, నేను రైలు పట్టాల మీద కూర్చోవడానికి పోయాను. అప్పుడు కూడా రాలేదు.

ఆ రోజు సేటు మనవడి పుట్టినరోజట. ఊరంతా బంద్, బేకరీలకు షట్టర్లు. ఉన్న ఊళ్ళో కేకు దొరకకపోతే ఇంట్లోనే చేద్దామన్నది కోడలు. కరెంటు ఉన్న వేళ చూసి అక్క పిండి కలిపి ఓవెన్‌లో పెట్టింది. పట్టాల మీద నినాదాలు ఇస్తుంటే నా జేబులో ఫోను మోగింది. సేటు కొడుకు. మీ అక్కకు కరెంటు కొట్టింది, దవాఖానకు తీసుకపోతున్నాం, రా అన్నాడు.

వినగానే అంతా అర్థమైంది. లైన్‌మన్ ఇంకా స్తంభం ఎక్కలేదు, నా తీగ ముక్క ఇంకా బోర్డులోనే ఉంది. ఎవరూ నాకేమీ చెప్పక్కర్లేదు. స్టేషన్ నుంచి దవాఖానకు పోవాలంటే ఎడమకు తిరగాలి, సేటు ఇంటికి కుడికి. నేను కుడికి తిరిగాను.

ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే స్టూలు మీద కూర్చుని ఉన్నది. నన్ను చూసి, ఈడికెందుకొచ్చినవు బిడ్డా, దవాఖానకు పో అన్నది. ఇంకొకరిని కొట్టకుండా చూసి పోతానన్నాను. మెయిన్ అప్పటికే కట్టేసి ఉంది, ఇంకెవరినీ కొట్టే కరెంటే లేదక్కడ. బోర్డు తెరిచాను. నల్ల తీగ నేను పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. ఊడదీసి జేబులో వేసుకున్నాను. వంటింట్లోకి పోయి చూశాను. ఓవెన్ తలుపు తెరిచే ఉంది. లోపల కేకు ఉడకలేదు, పిండి పిండిగానే ఉంది. పోవాల్సిన కరెంటు పోలేదు కాబట్టి ఓవెన్ వేడెక్కనే లేదు.

ఏం జరిగిందో తర్వాత కోడలు చెప్పింది. ఎంతసేపైనా కేకు పొంగడం లేదని అక్క వచ్చి చూసిందట. అలవాటు ప్రకారం కుడి చెయ్యి పొడిగుడ్డతో తుడుచుకుందట. ఎడమ చేత్తో పక్కనున్న నీళ్ళ నల్లా కట్టేస్తూ, కుడి చేత్తో ఓవెన్ పిడి పట్టుకుని లాగిందట. అంతే, చెయ్యి పిడికి అతుక్కుపోయింది. అరుపు కూడా సరిగ్గా రాలేదట. సేటు కొడుకు పరుగెత్తి మెయిన్ కట్టేస్తే ఊడి కింద పడింది.

జనగామ దవాఖానలో కట్టు కట్టి వరంగల్ తీసుకుపొమ్మన్నారు. నేను పోయేసరికి బండి ఎక్కిస్తున్నారు. దారిలో ఒకచోట రాళ్ళు అడ్డం పెట్టి ఉన్నాయి. బండిని చూసి వాళ్ళే పరుగున వచ్చి తీశారు. ఒకతను నన్ను గుర్తుపట్టి పిడికిలెత్తి జై తెలంగాణ అన్నా అన్నాడు. నేనూ జై తెలంగాణ అన్నాను. నా ఒళ్ళో అక్క కాళ్ళున్నాయి, జేబులో తీగ ముక్క ఉంది, నోరు దానంతట అదే అన్నది.

బస్సులు లేక బావ భూపాలపల్లి నుంచి రెండో రోజుకు గాని చేరలేదు. ఒకరి బండి మీద కొంత, లారీ మీద కొంత, మిగతా నడక. వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు. నన్నేమీ అడగలేదు. అడిగితే ఏమయ్యేదో. మానుకోట నుంచి పిల్ల కూడా వచ్చింది. అరచెయ్యి లోపలంతా కాలిందని, నరాలు పోయాయని డాక్టర్లు చెబుతుంటే మాకు అర్థం కాని మాటలు ఆ పిల్లకు అర్థమయ్యేవి. అన్నీ విని బయటికి పోయి ఏడ్చి వచ్చేది.

మూడో రోజు సేటు వచ్చాడు. పండ్లు తెచ్చాడు, మందుల సంగతి నేను చూసుకుంటానన్నాడు. తర్వాత నా దిక్కు తిరిగాడు. ఎట్లా జరిగింది, నీ పనిలో ఏమన్నా లోపమున్నదా అని అడిగాడు. గట్టిగా అడగలేదు. అనుమానంతో కూడా కాదు. చెప్పడానికి అంతకంటే సులువైన సమయం నాకు మళ్ళీ దొరకలేదు. నేను నోరు తెరిచేలోపు మంచం మీద నుంచి అక్క మాట్లాడింది.

"ఆడు మంచిగనే జేసిండు సేటు. ఓవెన్ ఏయొద్దని గుడ చెప్పిండు. నేనే ఇనలే. చెయ్యి గిట్ల తడిగుండె."

చెప్పి నా వైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, బతిమాలుడు ఉంది. ఊకో, మాట్లాడకు అని. నాకు తెలుసు ఎందుకో. తన చెయ్యి ఎట్లాగూ పోయింది, తమ్ముడి చేతి మీద మచ్చ పడితే జనగామలో ఇక ఎవరూ పిలవరు, అప్పుడు ఇంటిల్లిపాదీ ఏం తినాలి. కట్టు కట్టిన చెయ్యిని పక్కన పెట్టుకుని ఇంత లెక్క వేసింది. నేను నేలకేసి చూశాను. సేటు నిట్టూర్చి, చెప్పినంక గుడ ఇనకపోతె ఎవలేం జేస్తరు అన్నాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నన్ను పట్టడానికి ఈశ్వరుడు అక్కర్లేదు, ఒక్క ప్రశ్న ఇంకోసారి అడిగితే చాలు. ఎవరూ అడగలేదు. పొడిగుడ్డ సంగతి కళ్ళతో చూసిన కోడలు కూడా, ఆమే తడి అంటున్నది కదా, నేనే సరిగ్గా చూడలేదేమో అనుకుంది. నెల తిరక్కుండా జనగామ వాడల్లో ఆ మాటే నిలిచింది. ఫలానా వంటామె తమ్ముడు వద్దన్నా వినక తడిచేత్తో ముట్టి చెయ్యి పోగొట్టుకుంది. తల్లులు కూతుళ్ళకు బుద్ధి చెప్పడానికి మా అక్క పేరు వాడుకున్నారు.

పుండ్లు మానాయి, వేళ్ళు మాత్రం లోపలికి ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. పిండి తడపలేదు, గిన్నె పట్టలేదు. సేటు ఇంటికి హైదరాబాద్ నుంచి వంటామె వచ్చింది. పిల్ల ఆ ఏడాదితో చదువు ఆపేసి మానుకోటలోనే ఒక మందుల దుకాణంలో కుదిరింది. ఇంకొకరికి సూది వేయాల్సిన పిల్ల, మాత్రల అట్టలు కత్తిరిస్తూ కూర్చుంది. అక్కను బావ భూపాలపల్లి తీసుకుపోయాడు. నేను ఒక్కణ్ణే జనగామ గదిలో మిగిలాను. సిగ్గులేని సంగతి ఇంకోటి చెప్పనా, నాకు పని పెరిగింది. జాగ్రత్తలు చెప్పి మరీ చేస్తాడని పేరొచ్చింది. ఎక్కడికి పోయినా ఎర్తు గుంత మూసి ఉంటే బండ పగలగొట్టేదాకా పని ముట్టేవాణ్ణి కాదు. చాదస్తం అని నవ్వేవాళ్ళు. ఎన్ని బండలు పగలగొడితే ఆ ఒక్క బండ పగులుతుంది.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామ చౌరస్తాలో లైట్లు కట్టింది నేనే. స్తంభాలకు, చెట్లకు, దుకాణాల కప్పులకు కట్టాను. స్విచ్చు వేయగానే ఊరంతా కేకలు వేసింది, ముక్కూ మొహం తెలియనివాళ్ళు నన్ను కౌగిలించుకున్నారు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అంతటి సంతోషంలో కూడా నా గుండెలో రాయి కదల్లేదు. ఇక దాచుకోవడం నావల్ల కాదనిపించింది. వారం తిరగకముందే భూపాలపల్లి బస్సెక్కాను.

బావ డ్యూటీకి పోయాడు. అక్క ఎడమ చేత్తో వంకాయలు కోస్తున్నది. కత్తిపీటను కాలితో అదిమి పట్టి, కుడి చేతి మణికట్టుతో కాయను ఆనించి కోస్తున్నది. కోయడం అయ్యేదాకా ఆగాను. తర్వాత మొత్తం చెప్పాను. గుంత మీద బండ గురించి చెప్పాను, తీగ ముక్క గురించి చెప్పాను. అన్నీ వేసుకోవచ్చా అని ఆమె అడిగితే నేను ఏసుకో అన్నానని చెప్పాను. దవాఖానకు పోకుండా ముందు ఆ ఇంటికి పోయి తీగ తీసేశానని చెప్పాను. దవాఖానలో నా కోసం ఆమె ఆడిన అబద్ధం వెనుక దాక్కుని బతుకుతున్నానని చెప్పాను. కొట్టు అక్కా, తిట్టు, బావకు చెప్పు, సేటుకు నేనే పోయి చెబుతా అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. జాలి వచ్చింది.

"ఊకో తమ్మీ. నా మనసు నిమ్మలం చేద్దామని గిట్ల చెప్తున్నవు."

కాదన్నాను. ఏసుకో అన్నది నేనే అన్నాను.

"ఒద్దన్నవు రా. గుమ్మంల చెప్పులు తొడుక్కుంట చెప్పినవు, ఓవెన్ జోలికి పోకక్కా అని. నాకు మంచిగ యాదికున్నది. నేనే ఇనలే. చెయ్యి గుడ తడిగుండె."

ఆమె అబద్ధం ఆడటం లేదు. ఆ రోజు మంచం మీద నన్ను కాపాడటానికి అల్లిన మాటను సేటుకు చెప్పి, బావకు చెప్పి, కూతురికి చెప్పి, పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పి చెప్పి, ఆమెకు ఇప్పుడు అదే జరిగింది. చెప్పులు గుర్తున్నాయి, గుమ్మం గుర్తుంది, నా మాట మాత్రం మారిపోయింది. పిల్ల చదువు తన వల్లే ఆగిందని రోజూ అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపింది.

అవ్వ మీద ఒట్టు, నేను చెప్పలేదు అన్నాను. అప్పుడు వచ్చింది ఆమెకు కోపం.

"అబద్ధానికి అవ్వ మీద ఒట్టు వెయ్యకు."

నేను ఏడుస్తుంటే లేచి దగ్గరికి వచ్చి కూర్చుంది. కొంగుతో, ఎడమ చేత్తో నా ముఖం తుడిచింది. నీ తప్పేం లేదురా, నువ్వు చెప్పినవు, నేనే ఇనలే అని నన్ను ఓదార్చింది.